పలాస జీడిపప్పుతో ఇంటి చీజ్: కొలతలు, పొరపాట్లు, కొలెస్ట్రాల్ లెక్క

చీజ్ తగ్గించమని డాక్టరు చెప్పగానే చాలామంది చేసే మొదటి పని, సూపర్ మార్కెట్‌లో ‘జీరో కొలెస్ట్రాల్’ అని రాసిన ప్యాకెట్ వెతకడం. ఆ రాత అబద్ధం కాదు. కొలెస్ట్రాల్ జంతువుల ఒంట్లో తయారయ్యే పదార్థం, మొక్కల్లో లెక్కలోకి వచ్చేంత ఉండదు. వేరుశనగ నూనె డబ్బా మీదా అదే రాయొచ్చు, కొబ్బరి నూనె మీదా రాయొచ్చు, ఆ మాటకొస్తే అగ్గిపెట్టె మీద కూడా రాయొచ్చు. చూడాల్సింది ఆ ప్యాకెట్ వెనకవైపు పట్టికలో ఉండే ‘శాచురేటెడ్ ఫ్యాట్’, అంటే సంతృప్త కొవ్వు వరుస.

రొయ్యలు, చీజ్, కొబ్బరి నూనె

100 గ్రాముల ఉడికించిన రొయ్యల్లో కొలెస్ట్రాల్ సుమారు 190 మిల్లీగ్రాములు ఉంటుంది, సంతృప్త కొవ్వు ఒక గ్రాము కూడా ఉండదు. అంతే తూకం చెడ్డార్ చీజ్‌లో కొలెస్ట్రాల్ 100 మిల్లీగ్రాముల దగ్గర, సంతృప్త కొవ్వు 19–20 గ్రాములు. కొబ్బరి నూనెలో కొలెస్ట్రాల్ సున్నా, సంతృప్త కొవ్వు మాత్రం 80 గ్రాముల పైమాటే. కొలెస్ట్రాల్ అంకె ఒక్కటే చూసేవారికి ఈ మూడింటిలో రొయ్యలే దోషిగా కనబడతాయి. చాలామంది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పెంచేవి మాత్రం మిగతా రెండూ.

కారణం కాలేయంలో ఉంది. ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం ఒళ్ళే తయారుచేసుకుంటుంది. తిండిలో వచ్చినదాంట్లో పేగు పీల్చుకునేది దాదాపు సగం. అది పెరిగితే కాలేయం తన తయారీని కొంత తగ్గించుకుంటుంది. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయ కణాల మీద ఉంటాయి. వాటిని కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. సంతృప్త కొవ్వు ఎక్కువైతే ఈ గ్రాహకాల పని మందగించి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. 2015లో అమెరికా ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ అన్న గీతను తీసేసినా, మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు 10 శాతం దాటకూడదన్న గీతను అలాగే ఉంచాయి. 2000 కేలరీలు తినేవారికి అది 22 గ్రాములు. ఎల్‌డీఎల్ తగ్గించుకోవాల్సినవారికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పేది 6 శాతం లోపు, అంటే సుమారు 13 గ్రాములు. వంశపారంపర్యంగా కొలెస్ట్రాల్ ఎక్కువున్నవారు, మధుమేహం ఉన్నవారు తిండిలోని కొలెస్ట్రాల్‌ను కూడా చూసుకోవాలి, వాళ్ళకు డాక్టరు చెప్పిందే లెక్క.

దుకాణంలో దొరికే మొక్కల చీజ్‌లో చాలావరకు నీళ్ళు, కొబ్బరి నూనె, పిండి, ఉప్పు, వాసనకు వేసేవి. నూనె పాతిక శాతం దాకా ఉండడం మామూలే. అంటే పాల చీజ్‌లో ఎంత సంతృప్త కొవ్వు ఉందో, ఇంచుమించు అంతా ఇక్కడికీ వచ్చి కూర్చుంది. ‘ఎనలాగ్’ పన్నీర్, ‘ఎనలాగ్’ చీజ్ అన్నవి మరో రకం: పాలపొడికో పాల ప్రొటీన్‌కో పామాయిల్ లాంటి నూనె కలిపి చేస్తారు. అవి అటు పాలవీ కావు, ఇటు పూర్తిగా మొక్కలవీ కావు. పామాయిల్‌లో సగం సంతృప్త కొవ్వే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మనకు కొబ్బరీ ఇచ్చింది, జీడీ ఇచ్చింది. ఈ పనికి మాత్రం కొబ్బరిని చట్నీకి వదిలేసి, జీడిపప్పునే తీసుకోవాలి. జీడిపప్పులో 100 గ్రాములకు కొవ్వు 44 గ్రాములున్నా, సంతృప్తం 8 గ్రాములకు మించదు. మిగతాది ఎక్కువగా ఒలీయిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో ఉండే రకం.

పప్పు కొనేటప్పుడు

పలాస–కాశీబుగ్గ దుకాణాల్లో గుండు పప్పు ధర ఎక్కువ. డబ్ల్యూ 180 అంటే పౌనుకు, అంటే 454 గ్రాములకు, 170–180 గుండ్లు తూగే పెద్ద పప్పు. డబ్ల్యూ 320 అంటే 300–320 తూగేది. పెళ్ళి పాయసానికి ఆ తేడా కావాలి గానీ, మిక్సీలో పడేదానికి అందం దేనికి? బద్ద గానీ ముక్క గానీ తీసుకోండి. రుచి ఒకటే, ధర తక్కువ.

ముక్కకు ఒక లోపం ఉంది. గాలి తగిలే ముఖాలు ఎక్కువ కాబట్టి త్వరగా కమురు వాసన పట్టేస్తుంది. కొనేముందు రెండు ముక్కలు నమలండి. చివర్లో చేదుగా గొంతు పట్టుకుంటే ఆ పప్పు వద్దు, పులియబెట్టినా ఆ చేదు పోదు. వానాకాలంలో అరకిలోకు మించి తెచ్చుకోవద్దు, తెస్తే ఫ్రీజర్‌లో పెట్టండి. ఎర్ర పొర అంటుకున్న ముక్కలు ఏరేయాలి. లేకపోతే చీజ్‌లో గోధుమ చుక్కలు తేలి, అది బూజో పొరో తెలియక మీరే తికమక పడతారు. ఉప్పు, కారం పట్టించి వేయించిన పప్పు దీనికి పనికిరాదు.

ముద్ద: అన్నిటికీ ఇదే మొదలు

పప్పును రాత్రంతా నానబెట్టమని చాలాచోట్ల చెబుతారు. చల్లటి దేశాల్లో అది సరే. మే నెలలో శ్రీకాకుళం వంటింట్లో, 35 డిగ్రీల వేడిలో, పప్పు నానే గిన్నె సూక్ష్మజీవులకు పిలిచి పెట్టిన విందు. పైగా ‘పచ్చి’ జీడిపప్పు శుభ్రమైనదనే హామీ లేదు. పిక్కను కాల్చినా ఆవిరి పట్టించినా, ఆ తర్వాత పప్పు చాలా చేతులు మారుతుంది. 2021లో అమెరికాలో పచ్చి జీడిపప్పుతో చేసిన చీజ్ తిని కొందరు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా బారిన పడ్డారు. అందుకని నానబెట్టడం మానేసి ఉడకబెట్టండి:

1. 250 గ్రాముల ముక్కను రెండుసార్లు కడిగి, ముప్పావు లీటరు నీళ్ళలో వేసి, నీళ్ళు తెర్లడం మొదలయ్యాక 15 నిమిషాలు ఉడికించండి. వేలితో నొక్కితే పప్పు రెండుగా విడిపోవాలి.
2. నీళ్ళు పూర్తిగా వంపేయండి. ఆ నీళ్ళు వాడొద్దు, వాటిలో పచ్చి వాసన దిగుతుంది.
3. మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు 80 మిల్లీలీటర్లు కొలిచి పక్కన పెట్టుకోండి. ముందు సగమే పోసి చట్నీ జారులో రుబ్బండి. పెద్ద జారులో ఇంత తక్కువ ముద్ద బ్లేడుకు అందదు, గోడలకు అంటుకుని తిరుగుతుంది.
4. ఒక నిమిషం తిప్పి రెండు నిమిషాలు ఆపండి, గోడలు గీకండి, మళ్ళీ తిప్పండి. అయిదారు విడతలు పడుతుంది. ఆపకుండా తిప్పితే మోటారు వేడికి పప్పులోని నూనె విడిపోయి ముద్ద జిడ్డుగా మారుతుంది.

నలిగిందో లేదో కంటితో చూస్తే తెలియదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం పెట్టి రాయండి. కాటుకలా జారితే అయింది. సన్నటి రవ్వ తగిలితే ఇంకో రెండు విడతలు. ఇక్కడ తొందరపడితే ఆ రవ్వ చివరి దాకా నాలుకకు తగులుతూనే ఉంటుంది. ఇంట్లో చిన్న వెట్ గ్రైండర్ ఉంటే, అరకిలో పప్పుతో ఒకేసారి చేసుకోవడం మిక్సీకన్నా మేలు.

పులిసిన మెత్తటి చీజ్

బ్రెడ్డుకో చపాతీకో రాసుకునేది ఇది. రుచిలో చీజ్‌కు అన్నిటికన్నా దగ్గరగా వచ్చేదీ ఇదే, ఎందుకంటే పులుపు నిమ్మకాయది కాదు, బ్యాక్టీరియా చేసిన లాక్టిక్ ఆమ్లం.

తోడు దేనితో పెట్టాలన్నది మీ ఉద్దేశాన్ని బట్టి. కొలెస్ట్రాల్ ఒక్కటే మీ బాధ అయితే ఇంటి పెరుగు మీద తేరిన నీళ్ళు ఒక టేబుల్ స్పూను చాలు. అంత కొద్దిలో వచ్చే కొలెస్ట్రాల్ ఒక మిల్లీగ్రాము కూడా కాదు, దానికోసం వేరే తంటాలు అక్కర్లేదు. పాలే వద్దనుకుంటే మందుల షాపులో ప్రొబయోటిక్ క్యాప్సూల్స్ రెండు తీసుకోండి, కానీ స్ట్రిప్ మీద పేరు చదవండి. ‘లాక్టోబాసిల్లస్’ అని ఉండాలి. విరేచనాలకు ఇచ్చే వాటిలో చాలా వరకు ‘బాసిల్లస్ క్లాసీ’ గానీ ‘శాకరోమైసిస్ బౌలార్డీ’ గానీ ఉంటాయి. అవి వేసి రెండు రోజులు ఎదురుచూసినా ముద్ద పులవదు. మొలకెత్తిన చోళ్ళ, అంటే రాగుల, పులుపు నీళ్ళతో, పచ్చిమిర్చి తొడిమలతో కూడా తోడు పెడతారు. ఒక్కోసారి బ్రహ్మాండంగా వస్తుంది, ఒక్కోసారి చెడిపోతుంది. మొదటిసారి చేసేవారికి అది వద్దు.

ముద్ద గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేయాలి. మణికట్టు మీద పెడితే వేడి తెలియకూడదు. అర చెంచా పంచదార కూడా కలపండి. పాలలో ఉండే లాక్టోజ్ ఇక్కడ లేదు కాబట్టి, బ్యాక్టీరియాకు మొదట్లో కొంచెం తిండి కావాలి. ఉప్పు మాత్రం ఇప్పుడు వేయొద్దు, పులుపు నెమ్మదిస్తుంది. వేడినీళ్ళతో కడిగిన గాజు గిన్నెలో సగానికే నింపి, మూత వదులుగా పెట్టండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తింటుంది.

వేసవిలో 8–10 గంటలు చాలు. డిసెంబరు, జనవరిలో, ముఖ్యంగా సాలూరు, పార్వతీపురం వైపు రాత్రి చలికి, 18–20 గంటలు పట్టొచ్చు. అయిందని చెప్పే గుర్తులు: ముద్ద కొంచెం పొంగి, చెంచాతో తీస్తే లోపల చిన్న చిన్న గాలి గుంతలు కనబడతాయి. వాసన పెరుగులా ఉంటుంది. పులుపు కొలిచే పీహెచ్ కాగితాలు దొరికితే (పులుపు పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది) 4.6 కన్నా కిందికి దిగిందో లేదో చూడండి. ఆ గీత దాటాక ప్రమాదకరమైన సూక్ష్మజీవుల్లో కొన్ని పెరగలేవు, మిగతావి నెమ్మదిస్తాయి. 24 గంటలైనా పులుపు రాకపోతే ఇంకా ఆగొద్దు, పారేయండి.

పులిశాక 4 గ్రాముల ఉప్పు, అంటే ముప్పావు చిన్న చెంచా, కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాటికి గట్టిపడుతుంది. ఇంకా గట్టిగా కావాలంటే పల్చటి నూలు బట్టలో మూటగట్టి, జల్లెడ మీద చిన్న బరువు పెట్టి ఫ్రిజ్‌లోనే ఒక రాత్రి ఉంచండి. నిలవ వారం. పైన గులాబీ, నలుపు, నారింజ మచ్చ గానీ దూదిలాంటి నూగు గానీ కనబడితే, ఆ భాగం తీసేసి మిగతాది తినడం కుదరదు. మెత్తటి పదార్థంలో బూజు వేళ్ళు కంటికి కనబడనంత లోతుకు దిగుతాయి.

మొత్తం 420 గ్రాముల దాకా వస్తుంది. 100 గ్రాములకు సంతృప్త కొవ్వు నాలుగున్నర గ్రాముల చిల్లర, కేలరీలు మాత్రం 330 దాటుతాయి. అందుకని ఒక పూటకు ఒక టేబుల్ స్పూను, 20 గ్రాములు.

కోసుకునే చీజ్

ముక్కగా కోయాలన్నా, తురమాలన్నా పట్టి ఉంచేది కావాలి. అది సముద్రపు నాచు నుంచి తీసే అగర్. కిరాణా షాపులో చైనా గ్రాస్ అని అడిగితే పది గ్రాముల ప్యాకెట్ ఇస్తారు. పొడి అయితే తూకం కుదురుతుంది. పోచలు అయితే అరగంట నానబెట్టి సన్నగా కత్తిరించుకోవాలి.

150 గ్రాముల పప్పును పైన చెప్పినట్టే ఉడికించి, 120 మిల్లీలీటర్ల నీళ్ళతో రుబ్బండి. రుబ్బేటప్పుడే ఒక వెల్లుల్లి రెబ్బ, అర చెంచా ఆవపిండి, ఒక చెంచా దోరగా వేయించిన పొట్టు నువ్వులు, చిటికెడు పసుపు, 6 గ్రాముల ఉప్పు వేయండి. ఆవ పెట్టిన కూర ముక్కులోకి ఎలా ఎక్కుతుందో తెలిసిన నోళ్ళకు, పాత చెడ్డార్‌లోని ఘాటును ఆవపిండే కొంత గుర్తుచేస్తుంది. చీజ్ లాంటి రుచినిచ్చే ఎండు ఈస్ట్ రేకులు, అంటే న్యూట్రిషనల్ ఈస్ట్, ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఒక టేబుల్ స్పూను వేయండి, లేకపోయినా ఆగిపోదు.

పది గ్రాముల అగర్ పొడిని 250 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళలో అయిదు నిమిషాలు ఉంచి, తర్వాత కలుపుతూ మరిగించండి. మరగడం మొదలయ్యాక మూడు నాలుగు నిమిషాలు పూర్తిగా మరగాలి. వేడెక్కగానే దించేస్తే సగం అగర్ కరగకుండా అడుగున మిగిలి, చీజ్ గట్టిపడదు.

ఎక్కువమంది దగ్గర చెడేది దీని తర్వాతి అడుగులోనే. రుబ్బిన ముద్ద ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లదనంతో ఉంటే, మరిగే అగర్ దాన్ని తాకిన చోటల్లా క్షణంలో గడ్డకట్టి తీగల్లా తేలుతుంది. ఇక ఎంత కలిపినా ఒక్కటి కాదు. అగర్ 40 డిగ్రీల లోపే బిగుస్తుంది, కానీ ఒకసారి బిగిశాక 85 డిగ్రీల దాకా వెళ్తే గానీ కరగదు. కాబట్టి ముద్దను పొయ్యి మీద వేరే గిన్నెలో ముందే వేడి చేసి, మరిగే అగర్‌ను అందులో పోసి, ఒక నిమిషం గబగబా కలపండి. తీగలు వచ్చేశాయా? మొత్తం తిరిగి పొయ్యి మీద పెట్టి, మరిగే దాకా కలిపి, ఒకసారి మిక్సీలో తిప్పితే చాలా వరకు దారికొస్తుంది.

దించాకే 20 మిల్లీలీటర్ల నిమ్మరసం. అగర్‌తో పాటు పులుపును మరిగిస్తే బిగుసుకునే గుణం దెబ్బతింటుంది. నూనె రాసిన స్టీలు డబ్బాలో పోసి, చల్లారాక ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. కత్తి దిగితే శుభ్రంగా తెగాలి. 100 గ్రాములకు సంతృప్త కొవ్వు రెండు గ్రాముల పైన. శాండ్‌విచ్‌కు, ఉప్మా మీద తురమడానికి బాగుంటుంది. పిజ్జా మీద సాగుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

సాగే చీజ్

పాల చీజ్ సాగడానికి మూలం కేసీన్ అనే ప్రొటీన్. కాల్షియం పట్టుతో అల్లుకుని ఉండి, వేడికి ఆ అల్లిక వదులై తీగలు సాగుతుంది. మొక్కల్లో కేసీన్ లేదు. ఉన్నంతలో దాన్ని అనుకరించేది కర్రపెండలం పిండి. మన సగ్గుబియ్యం అదే. మిక్సీలో మెత్తగా కొట్టి, మైదా జల్లెడలో పట్టండి. జల్లెడ పట్టకపోతే చీజ్‌లో చేపకళ్ళలాంటి గుండ్లు తేలతాయి.

60 గ్రాముల పప్పు ఉడికించి, 240 మిల్లీలీటర్ల నీళ్ళు, 30 గ్రాముల సగ్గుబియ్యం పిండి, ఒక టేబుల్ స్పూను వేరుశనగ నూనె, అర చెంచా ఉప్పు, ఒక వెల్లుల్లి రెబ్బతో పాలలా రుబ్బండి. అన్నీ చల్లగా ఉన్నప్పుడే కలవాలి. మందపాటి గిన్నెలో మధ్యస్థపు మంట మీద పెట్టి, చెక్క గరిటెతో అడుగు గీకుతూనే ఉండండి. మూడు నాలుగు నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ఉన్నట్టుండి గడ్డలు గడ్డలుగా విరిగినట్టవుతుంది. చెడిపోయిందని అక్కడ దించేస్తారు. దించొద్దు. ఇంకో రెండు మూడు నిమిషాలు బలంగా కలిపితే గడ్డలన్నీ కలిసి, మెరుస్తూ, గరిటె ఎత్తితే జీళ్ళపాకంలా వేలాడుతుంది. అప్పుడు మంట ఆపి రెండు చెంచాల నిమ్మరసం కలపండి.

వేడిగా ఉండగానే దోసె మీద పరిచేయడం అన్నిటికన్నా మంచిది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటుంది. గట్టిపడితే చెంచా నీళ్ళు చల్లి వేడి చేయండి. సగ్గుబియ్యం బదులు మొక్కజొన్న పిండి వేస్తే చిక్కబడుతుంది గానీ సాగదు. బియ్యప్పిండి వేస్తే జావే.

నూనె దగ్గర ఒక్క మాట. ఈ కొలతకు వేరుశనగ నూనె వేస్తే 100 గ్రాముల చీజ్‌లో సంతృప్త కొవ్వు రెండుంపావు గ్రాముల దగ్గర తేలుతుంది. అదే ఒక టేబుల్ స్పూను కొబ్బరి నూనె వేస్తే అయిదు దాటుతుంది. ఒక్క చెంచాకే అంత తేడా.

పాల చీజ్‌లో ఉండి ఇందులో లేనివి

ప్రొటీన్, కాల్షియం. చెడ్డార్‌లో 100 గ్రాములకు ప్రొటీన్ 25 గ్రాముల దాకా, కాల్షియం 700 మిల్లీగ్రాములు. పైన చెప్పిన కోసుకునే చీజ్‌లో ప్రొటీన్ అయిదే, కాల్షియం నామమాత్రం. పప్పు, సోయా, వేరుశనగలతో ప్రొటీన్ పూడుతుంది. కాల్షియానికి చోడి అంబలిని మించిన చవక దారి లేదు: 30 గ్రాముల చోడి పిండిలో 100 మిల్లీగ్రాములు వస్తుంది. పాలు పూర్తిగా మానినవారు బీ12 సంగతి డాక్టరుతో మాట్లాడుకోవాలి.

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్ళు ఎన్నో. ఆ ఇళ్ళలో ఈ చీజ్ చేసేముందు ఒకటి తెలియాలి. 100 గ్రాముల జీడిపప్పులో పొటాషియం 660, ఫాస్ఫరస్ 590 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. కిడ్నీ దెబ్బతిన్నవారికి గుండెకు మంచిదనే మాట ఒక్కటే సరిపోదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరిగినవారు, డయాలసిస్ మీద ఉన్నవారు కిడ్నీ డాక్టరు ఒప్పుకుంటేనే తినాలి. ఉప్పు సంగతీ అంతే. జీడిపప్పు పడనివారికి ముక్క కూడా ప్రమాదమే. వాళ్ళు సోయా పాలను విరగ్గొట్టి చేసే టోఫూ వైపు వెళ్ళడం మేలు.

రిపోర్టు ఎప్పుడు చూడాలి

వారం చీజ్ మార్చి లిపిడ్ ప్రొఫైల్, అంటే కొలెస్ట్రాల్ రక్తపరీక్ష, చేయిస్తే ఏమీ తెలియదు. తిండి మార్పుకు ఎల్‌డీఎల్ ఎంత దిగిందో చూడాలంటే కనీసం ఆరు వారాలు కావాలి. ఆ ఆరు వారాల్లో నెయ్యి, డాల్డా, బేకరీ పఫ్‌లు అలాగే సాగితే, చీజ్ ఒక్కటి మార్చినందుకు అంకెల్లో పెద్ద తేడా రాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకునేవారు అంకె దిగింది కదా అని సొంతంగా ఆపకూడదు. ఆ దిగడంలో మాత్ర వాటా ఎంతో, చీజ్ వాటా ఎంతో ఆ ఒక్క కాగితం చెప్పదు.